దారి యెవరిది?

వీధిలో అడుగు పెట్టకుండా రోజు గడిచే కుటుంబము మనలో ఒక్కటీ ఉండదు. తెల్లవారగానే తాతగారు నడకకు బయలుదేరుతారు. అబ్బాయి సైకిలెక్కి బడికి పోతాడు. తండ్రి స్కూటరు మీదనో కారులోనో ఆఫీసుకు వెడతాడు. సాయంకాలము తల్లి సంచీ పుచ్చుకొని కూరల అంగడికి నడిచి వెడుతుంది. అందరూ ఒకే యింటివారు, నడిచేదీ ఒకే వీధి. అయినా గడప దాటేసరికి ఒకరికొకరు పరాయివారవుతున్నారు. కారులోనివానికి నడిచేవాడు అడ్డము. నడిచేవానికి స్కూటరు గండము. సైకిలు మీది పిల్లవానికి అందరన్నా భయమే. ఈ దారి తగవును గురించి యీ నెల నాలుగు మాటలు చెప్పదలచాము.

మన పెద్దలలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ఒకప్పుడు చీకటి పడ్డాక దీపము లేని సైకిలు తొక్కితే పోలీసువాడు పట్టుకొనేవాడు. వెనుక ఒకరిని ఎక్కించుకున్నా అడిగేవాడు. ఆనాటి వీధిలో నడిచేవానికంటె సైకిలువానికి వేగమెక్కువ కాబట్టి, జాగ్రత్త కూడా అతనికే ఎక్కువ ఉండాలని పెద్దలు భావించారు. ఆ న్యాయము నేటికీ చెల్లుతుంది. ఎవరి బండికి బరువు, వేగము ఎక్కువో వారి మీదనే బాధ్యత కూడా ఎక్కువ. ఈ నెల మేము చెప్పదలచినదంతా యీ ఒక్క మాటలోనే ఉన్నది.

దీనిని మరచినందువల్ల ఏమవుతున్నదో చూడండి. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కేవలము నడిచి పోతున్నవారు. అంటే చనిపోయిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు ఏ బండీ ఎక్కనివారే. ఇన్ని ఇళ్ళలో ఆ సాయంకాలము ఎదురుచూపులు ఎదురుచూపులుగానే మిగిలిపోయినవి.

వేగము సంగతి కొంచెము లెక్క వేసి చూద్దాము. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోయే కారు ముందుకు ఒక పసివాడు పరుగెత్తి వచ్చాడనుకోండి. చూచి, కాలు బ్రేకు మీద వేసేసరికే ఒక సెకను గడుస్తుంది. అంతలో బండి 8 మీటర్లు సాగిపోతుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద మరి 5 మీటర్లు. మొత్తము 13 మీటర్లలో ఆగుతుంది. అదే బండి 60 కిలోమీటర్ల వేగముతో పోతుంటే ఆగడానికి సుమారు 36 మీటర్లు కావాలి. వేగము రెట్టింపయితే బ్రేకు పడ్డాక సాగే దూరము నాలుగు రెట్లవుతుంది గదా! వాననీటిలో యింకా ఎక్కువ. పోనీ, యింత చేసి మిగుల్చుకొనేది ఎంత? ఊళ్ళో 5 కిలోమీటర్ల దూరాన్ని 40కి బదులు 50 వేగముతో పోతే కలిసివచ్చేది నిమిషమున్నర. అదికూడా మధ్యలో ఎక్కడా ఆగనక్కరలేకపోతేనే. ఈ నిమిషమున్నర కోసము ఒకరి తాతగారిని, ఒకరి బిడ్డను పణము పెట్టడము ఏమి న్యాయము?

చట్టము కూడా యీ పక్షానే ఉన్నది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు నడిచేవారి విషయములో, సైకిళ్ళవారి విషయములో, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల విషయములో ప్రత్యేక శ్రద్ధ వహించవలసినదని బండి నడిపేవారిని ఆదేశించినవి. జీబ్రా గీతల మీద ముందు దారి నడిచేవానిది. కాలిబాట మీద మోటారు బండి నడపరాదు. మంచి కాలిబాట కలిగివుండడము రాజ్యాంగపు 21వ అధికరణము క్రింద పౌరుని హక్కు అని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పినది. కాబట్టి దారి యిచ్చేవారు దయతో యిస్తున్నామనుకోరాదు, యివ్వవలసినదే యిస్తున్నారు.

మదరాసు త్యాగరాయనగరము మన తెలుగువారికి కొత్త కాదు. పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరిట పేట, పానగల్లు రాజాగారి పేరిట పార్కు ఉన్న చోటు అది. అక్కడి పాండీబజారులో జనము ఆటోల మధ్య, బైకుల మధ్య ఒదిగి ఒదిగి నడిచేవారు. 2019 నవంబరులో అక్కడ నడిచేవారి కోసము వెడల్పయిన కాలిబాటలు ఏర్పాటు చేసి, కూర్చోవడానికి బల్లలు వేశారు. బండ్లు ఆగిపోలేదు, వాటి చోటు తగ్గినది, అంతే. తలచుకుంటే మన ఊళ్ళలోనే దారిని పంచుకోవచ్చునని దీనివల్ల తేలుతున్నది.

అయితే అన్నీ కార్పొరేషనువారు చేసిపెట్టరు. బెంగుళూరులోను, బరంపురములోను, షోలాపూరులోను అంగళ్ళు నడుపుకొనే మనవారు ఎందరో ఉన్నారు. అంగడి సామాను కాలిబాట మీదికి రెండడుగులు జరిపితే, వచ్చే గిరాకీయే రోడ్డు మీదికి దిగి నడవవలసి వస్తుంది. ఇంటి ముందు కాలిబాట మీద కారు నిలిపేవారికీ యీ మాటే చెబుతున్నాము.

ఇక బండి నడిపేవారికి: సైకిలును దాటేటప్పుడు కనీసము మూడు మూరల యెడము వదలండి, అతడు గుంట తప్పించుకోవడానికి పక్కకు జరుగుతాడని ముందే అనుకోండి. కారు ఆపి దిగేటప్పుడు కుడివైపు తలుపును ఎడమచేత్తో తీయండి. అప్పుడు ఒళ్ళు దానంతట అదే తిరిగి, వెనుక వచ్చే సైకిలు కంటబడుతుంది. ముసలివారు రోడ్డు దాటుతుంటే హారను మోగించకండి. మోత విని వారు గాభరాపడి వెనక్కు తిరుగుతారు, ఆపద అక్కడే ఉన్నది.

సైకిలువారికి: ఎడమపక్కనే పొండి, ఎదురుదారిలో రాకండి. రాత్రిపూట ముందు దీపము, వెనుక ఎర్రబిళ్ళ లేనిదే బయలుదేరకండి. ఎడమకు తిరగబోయే లారీకి, బస్సుకు ఎడమపక్కన దూరకండి. డ్రైవరుకు ఆ మూల కనిపించదు.

నడిచేవారికి: కాలిబాట లేనిచోట కుడిపక్కగా నడిస్తే ఎదురువచ్చే బండి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. చీకట్లో తెల్లబట్ట మేలు. చేతిలో ఫోను చూచుకుంటూ రోడ్డు దాటడము కళ్ళు మూసుకుని దాటడముతో సమానము. పసివారిని చేయి పట్టుకొని నడిపించేటప్పుడు బండ్లవైపు పెద్దవారు ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పదిహేనేళ్ళ అబ్బాయికి స్కూటరు తాళము చెవి యివ్వడము గారాబము కాదు. 2019లో సవరించిన చట్టము ప్రకారము మైనరు చేసిన నేరానికి తల్లిదండ్రులో, బండి యజమానో మూడేళ్ళ వరకు జైలుకు, 25,000 రూపాయల జరిమానాకు గురికావచ్చు. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. జరిమానా సంగతి అటుంచండి, ప్రాణము పోతే తిరిగి తెచ్చేవారెవరు?

నేడు మన యిళ్ళలో ఎందరో వృద్ధులు రోడ్డంటే జంకి, కోవెలకూ, పక్కవీధి స్నేహితుని యింటికీ వెళ్ళడము మానుకొన్నారు. పిల్లలకు సైకిలు కొనిపెట్టి కూడా వాకిటి గేటు దాటనివ్వడము లేదు. వీధి మనదనుకుంటూనే యింట్లో బందీలమవుతున్నాము. ఈ భయము పోవాలంటే ఒక్కటే మార్గము: బండి ఎక్కినవాడు తన యింట్లో నడిచేవారిని ఒక్కసారి తలచుకోవాలి. దారి ముందుగా నడిచేవానిది, తరువాత సైకిలువానిది, ఆ పిమ్మటనే మోటారువానిది. నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరికే అనలేదు.