స్కూలుని ప్రార్థన కాదు, తెలుగు అడుగుదాం

మా గుడిలో శనివారం భజన అయ్యాక ప్రసాదం పంచేటప్పుడు ఈ మధ్య ఒకటే మాట వినిపిస్తోంది. పక్కనున్న ప్రభుత్వ స్కూల్లో సగం కంటే ఎక్కువ మంది మన పిల్లలే కాబట్టి, పొద్దున అసెంబ్లీలో మన ప్రార్థన పెట్టించాలట. స్కూలు గవర్నింగ్ బాడీకి ఉత్తరం కూడా తయారైంది. మునిసిపల్ ఎన్నికల రోజులు కదా, ఒక పార్టీ అభ్యర్థి గుడికి వచ్చి "నేను చూసుకుంటాను ఆంటీ" అని మాట ఇచ్చి వెళ్ళాడు.

ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టను. ఇరవై ఏళ్ళుగా ఈ గుడిలో దీపాలు తోముతున్న దానివి, నువ్వే వద్దంటావా అని అడుగుతున్నారు. అందుకే నా కారణాలు ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది నాలాగే ఇంగ్లీషులో చదువుకుని తెలుగు ఆలస్యంగా నేర్చుకుంటున్నవాళ్ళు. నెమ్మదిగా చదవండి, నేనూ నెమ్మదిగానే రాశాను.

మొదట చట్టం సంగతి. మన దక్షిణాఫ్రికా రాజ్యాంగం 15వ సెక్షన్ స్కూల్లో ప్రార్థనను నిషేధించలేదు. మూడు షరతులు పెట్టింది. దానికి సరైన అధికారులు నియమాలు చేయాలి, అన్ని మతాలకూ న్యాయంగా ఉండాలి, రావడం రాకపోవడం పిల్లల ఇష్టం. తర్వాత 2003లో కాదర్ అస్మల్ విద్యా మంత్రిగా ఉన్నప్పుడు ఒక జాతీయ విధానం వచ్చింది. మతాల గురించి చెప్పడం వేరు, ఒక మతాన్ని నేర్పడం వేరు అని అందులో ఉంది. మొదటిది స్కూలు పని. రెండోది ఇంటి పని, గుడి పని, చర్చి పని, మసీదు పని. 2017లో జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు కూడా ఇదే దారిలో వెళ్ళింది. ఆరు ప్రభుత్వ స్కూళ్ళ మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వ స్కూలు "మాది ఈ ఒక్క మతం స్కూలు" అని చెప్పుకోకూడదని కోర్టు చెప్పింది. ఆ స్కూళ్ళు క్రైస్తవ స్కూళ్ళమని చెప్పుకున్నవి. తీర్పు వచ్చినప్పుడు మా గుడిలో అందరూ సంతోషించారు. ఇప్పుడు అదే పని మనం చేస్తే తప్పు కాదా అంటే ఎవరూ మాట్లాడరు.

కానీ నా అసలు కారణం చట్టం కాదు, నా చదువు. నేను అరవైలలో స్కూల్లో చేరాను. అప్పటికి భారతీయ పిల్లలకు వేరే స్కూళ్ళు, 1965 నుంచి వేరే చట్టం కూడా. మా టీచర్లలో చాలామంది హిందువులే. అయినా పొద్దున వరసలో నిలబెట్టి ఇంగ్లీషులో పరలోక ప్రార్థన చెప్పించేవారు. అది నాకు ఇప్పటికీ మొత్తం వచ్చు. ఆ వయసులో తెలుగులో నాకు వచ్చింది "గోవిందా" ఒక్కటే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ స్కూల్లో దేవుడు పెద్ద దేవుడు, ఇంట్లో దేవుడు చిన్న దేవుడు అని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. పిల్లలకు ఇలాంటివి చాలా త్వరగా అర్థమవుతాయి.

ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. 1948లో గెలిచిన నేషనల్ పార్టీ నాయకుడు డి.ఎఫ్. మలాన్ రాజకీయాల్లోకి రాకముందు డచ్ రిఫార్మ్డ్ చర్చిలో పాస్టర్. దేవుడే జాతులను వేరువేరుగా చేశాడు కాబట్టి స్కూళ్ళు కూడా వేరుగా ఉండాలి అని వాళ్ళ వాదం. దానికి "క్రిస్టియన్ నేషనల్ ఎడ్యుకేషన్" అని పేరు. మాకు ఇచ్చిన తక్కువ చదువుకు దేవుడి సంతకం పెట్టారు అన్నమాట. అదే చర్చిలో పాస్టర్‌గా ఉన్న బేయర్స్ నౌడే అదే బైబిల్ చదివి ఇది తప్పు అన్నాడు. 1963లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. 1977లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కాబట్టి నా గొడవ క్రైస్తవంతో కాదు.

డిసెంబర్ 16 సంగతి కూడా చెప్పాలి. మనకు "మొక్కు" అనే మంచి మాట ఉంది. పిల్లాడి జ్వరం తగ్గితే తల వెంట్రుకలు ఇస్తానని మొక్కుకుంటాం, తగ్గాక మొక్కు తీర్చుకుంటాం. 1838లో బ్లడ్ రివర్ దగ్గర జులూ సైన్యంతో యుద్ధానికి ముందు బోయర్లు కూడా మొక్కుకున్నారు: గెలిస్తే ఆ రోజును దేవుడి రోజుగా జరుపుకుంటామని. అది వాళ్ళ మొక్కు, వాళ్ళు తీర్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ నాయకులు దాన్ని దేశమంతటికీ సెలవు చేశారు. ఓడిపోయిన జులూల మనవలకు, చెరుకు తోటల్లో పనికి వచ్చిన మన తాతల మనవలకు కూడా అదే సెలవు. వాళ్ళ మొక్కు మా అందరి చేత తీర్పించారు! 1995 నుంచి ఆ రోజుకి రికన్సిలియేషన్ డే అని పేరు మారింది.

1994లో మండేలా ప్రమాణ స్వీకారం రోజున హిందూ, ముస్లిం, యూదు, క్రైస్తవ ప్రార్థనలు నాలుగూ జరిగాయి. ఇంక ఆ పాత ఆట అయిపోయింది అనుకున్నాం. అవలేదు. జేకబ్ జుమా ఏసు తిరిగి వచ్చేవరకూ తన పార్టీయే పాలిస్తుందని ఎన్నోసార్లు అన్నాడు. 2011 ఎన్నికల ముందు ఆ పార్టీకి ఓటు వేయడం స్వర్గాన్ని ఎంచుకోవడమే అన్నట్టు మాట్లాడాడు. మన గుడికి వచ్చే నాయకులు అంత దూరం వెళ్ళరు. కుర్తా వేసుకుంటారు, దండ వేయించుకుంటారు, హారతి పళ్ళెంలో నోటు వేసేటప్పుడు ఫోటో తీయించుకుంటారు. దీపావళికి సెలవు తెప్పిస్తామంటారు. ఆ సెలవు ఇంకా రాలేదు, మళ్ళీ ఎన్నికలు మాత్రం వస్తాయి.

ఒకటి గమనించండి. ప్రార్థన ఇస్తానని చెప్పడానికి నాయకుడికి ఒక్క ర్యాండ్ ఖర్చు కాదు. తెలుగు టీచరును ఇస్తానంటే జీతం కావాలి, బడ్జెట్ కావాలి. అందుకే వాళ్ళు ఎప్పుడూ మొదటిదే ఇస్తారు.

"ఇండియాలో స్కూల్లో శ్లోకాలు చెప్పిస్తారు కదా" అని వాట్సాప్‌లో ఒకరు రాశారు. భారత రాజ్యాంగం 28వ అధికరణం ఒకసారి చదవమని చెప్పాను. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట మత బోధన ఉండకూడదని అందులో ఉంది.

అయితే మన పిల్లలు స్కూలు గేటు దగ్గర బొట్టు చెరిపేసుకుని లోపలికి వెళ్ళాలా? అస్సలు వద్దు. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన ముక్కుపుడక తీర్పు మనలో చాలామందికి తెలుసు. డర్బన్‌లో ఒక స్కూలు దక్షిణ భారత మూలాలున్న హిందూ అమ్మాయిని ముక్కుపుడక తీసేయమంది. తల్లి కోర్టుకు వెళ్ళింది. అది మతంలో తప్పనిసరి కాకపోయినా, ఆ అమ్మాయి తన ఇష్టంతో పెట్టుకున్నదైనా, స్కూలు ఒప్పుకోవాల్సిందే అని ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా రాశారు. చాలా చిన్న వస్తువు, చాలా పెద్ద తీర్పు. పిల్ల తన నమ్మకాన్ని తనతో స్కూలుకు తీసుకురావచ్చు. స్కూలు తన నమ్మకాన్ని పిల్ల మీద పెట్టకూడదు. నాకు ఈ తేడా చాలు.

ఇప్పుడు ఆ స్కూలు తరగతిలో ఎవరు కూర్చున్నారో చూడండి. జులూ పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు చర్చికి వెళ్తారు, కొందరు తెల్ల బట్టలు కట్టుకుని షెంబే ప్రార్థనకు వెళ్తారు. ముస్లిం పిల్లలు ఉన్నారు. రెడ్డి, నాయుడు అని ఇంటిపేరున్న క్రైస్తవ పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ అవ్వలూ మన అవ్వలూ ఒకే తెలుగు మాట్లాడారు. వాళ్ళందరినీ నిలబెట్టి మన శ్లోకం చెప్పిస్తే, నేను ఆ వయసులో నేర్చుకున్న పాఠమే వాళ్ళూ నేర్చుకుంటారు.

భాష సంగతి వేరు. మన రాజ్యాంగం 6వ సెక్షన్‌లో తెలుగు పేరు ఉందని మీకు తెలుసా? సమాజాలు మాట్లాడే భాషల జాబితాలో, తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూల పక్కన ఉంది. సంస్కృతం, అరబిక్, హీబ్రూ ఇంకో జాబితాలో ఉన్నాయి, మతం కోసం వాడే భాషలుగా. అంటే తెలుగు అందరిదీ. 1980లలో భారతీయ స్కూళ్ళలో తెలుగు ఒక సబ్జెక్టుగా వచ్చింది, అప్పటికి నా చదువు అయిపోయింది. తర్వాత మెల్లగా చాలా చోట్ల పోయింది. ఇప్పుడు మా క్లాసు గుడి హాల్లో, విగ్రహాల ముందు జరుగుతుంది. క్రైస్తవ తెలుగు కుటుంబాల నుంచి ఒక్కరు కూడా రారు. వాళ్ళను నేను తప్పు పట్టను.

కాబట్టి నేను వేరే ఉత్తరం రాశాను. బుధవారం స్కూలు అయ్యాక ఒక గది, ఒక గంట, ఎవరు కావాలంటే వాళ్ళు రావచ్చు, జులూ పిల్లలు కూడా. పుస్తకాలు మేము తెస్తాం. తర్వాత ఒక టీచరు జీతం కోసం అడుగుదాం. ఇప్పటికి పదకొండు సంతకాలు వచ్చాయి. ప్రార్థన ఉత్తరానికి ఇంకా ఎక్కువే ఉన్నాయి.

అభ్యర్థికి కూడా ఒక కాపీ ఇచ్చాను. టీచరు జీతం కౌన్సిల్ చేతిలో లేదు ఆంటీ, ప్రావిన్స్ చేతిలో ఉంది అన్నాడు. నిజమే. అసెంబ్లీలో ప్రార్థన కూడా కౌన్సిల్ చేతిలో లేదు నాయనా, గవర్నింగ్ బాడీ చేతిలో ఉంది అన్నాను.