ఆ ‘టకటక’ షాకులది కాకపోవచ్చు!

ముప్పాళ్ళ నుంచి సత్తెనపల్లిలో పెళ్లికి బయల్దేరారు. కారు పాతదే... మారుతి 800. వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒళ్లో పిల్లలు. గతుకు వచ్చినప్పుడల్లా ముందు చక్రం దగ్గర ‘టకటక’. ‘షాకులు పోయాయిరా’ అంటారు తాతయ్య. మెకానిక్కూ అదే మాటంటే ఇంకేముంది, రెండు షాకులూ కొత్తవి పడతాయి. వేలు ఖర్చవుతాయి. వారం తిరక్కుండానే మళ్లీ ‘టకటక’!

పల్నాడులో చాలాచోట్ల నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దానిమీద వేసిన రోడ్డు సాపుగా ఎన్నాళ్లుంటుంది? మిర్చి, పత్తి లోడు బళ్లు తిరిగాక సరేసరి. ఆ దెబ్బలకు షాకులకన్నా ముందు పాడయ్యేవి చాలాసార్లు బుష్షులే. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే రబ్బరు ముక్కలవి. పైగా మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. రబ్బరుకి కిలోమీటర్లతో పనిలేదు. కారు షెడ్డులో ఉన్నా వయసుతోపాటు గట్టిపడి పగులుతుంది.

అయితే బుష్షు చప్పుడు చేసి విసిగిస్తుందే తప్ప అప్పటికప్పుడు ప్రాణం మీదకు తేదు. భయపడాల్సింది బాల్ జాయింటుకి. మన తుంటి ఎముకలా గిన్నెలో బంతి తిరిగే కీలు అది. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచేది అదే. పైనున్న రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు పోతుంది, దుమ్మూ నీళ్లూ చేరతాయి, బంతి అరుగుతుంది. ఒక్కోసారి పెద్దగా చప్పుడూ చేయదు. తీరా గిన్నెలోంచి ఊడిందంటే చక్రం పక్కకి వాలిపోతుంది. స్టీరింగు ఎంత తిప్పినా కారు మాట వినదు. చక్రాన్ని స్టీరింగుకి కలిపే టైరాడ్ ఎండు ఊడినా అంతే.

పరీక్ష తేలికే. కారుని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాకే, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో లూజయినట్టు. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే ఎండ్ల మీద అనుమానపడాలి. ఇక షాకులంటారా... కారు దించాక బానెట్ మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే ఫర్వాలేదు. ఊయలలా ఊగుతున్నా, ఆయిలు కారుతున్నా మార్చాల్సిందే, అదీ జతగా.

డబ్బు వృథా అయ్యే చోటు మరొకటుంది. టైరు ఒకవైపే అరుగుతోందని నేరుగా వీల్ అలైన్‌మెంటుకి వెళ్తుంటారు చాలామంది. వదులైన కీళ్లతో ఎంత సరిచేసినా మరో రెండు గతుకులకి చెదిరిపోతుంది. ముందు భాగాలు మార్చాలి, ఆ తర్వాతే అలైన్‌మెంటు. ఎండ్లు మారిస్తే అది తప్పనిసరి కూడా. బుష్షు బోల్టుల్ని చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తుంటారు కొందరు. కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

గుంటూరు, విజయవాడ ఆటోనగర్‌లలో పాత సామాను చవగ్గానే దొరుకుతుంది. డోరో, హెడ్‌లైటో అయితే సరే. బాల్ జాయింటు, ఎండ్లు, బుష్షులు మాత్రం సెకండ్‌హ్యాండ్‌వి వద్దే వద్దు. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్‌ని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దాని ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలకి బదులు 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో మరో నిబంధన వచ్చింది. అంత కట్టి ఉంచుకునే కారుకి వందల్లో అయ్యే ఎండు దగ్గరా బేరమాడటం ఎందుకో!

పనయ్యాక విప్పిన పాత ముక్కల్ని అడిగి తీసుకోండి. కొత్త ఎండుని వేళ్లతో తిప్పితే బిగువుగా కదులుతుంది. బాగా అరిగిన పాతది చేత్తో పట్టుకోగానే తన బరువుకి తనే వాలిపోతుంది.