బలం అని మెచ్చుకుంటే చాలదు



ఈసారి అమెరికాలో ఒక కాలేజీ అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టు గురించి రాస్తున్నాను. మన గ్రౌండులో బాస్కెట్‌బాల్ రింగే లేదు, మనకెందుకే అని కొందరు అంటారు. చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

ఆ కాలేజీ పేరు టెక్సాస్ వెస్ట్రన్. మెక్సికో సరిహద్దు దగ్గర ఎల్ పాసో అనే ఊళ్ళో ఉంది. (తర్వాత దాని పేరు మార్చారు, యూనివర్సిటీ అన్నారు.) 1965-66 సీజన్‌లో ఆ జట్టు 29 మ్యాచ్‌లు ఆడి 28 గెలిచింది. వరసగా 23 గెలిచాక సియాటిల్ జట్టు చేతిలో 74-72తో ఓడిపోయింది. ఆ ఒక్కటే ఓటమి. తర్వాత జాతీయ పోటీల్లో ఐదుకు ఐదూ గెలిచింది.

ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల పెద్ద కాలేజీలు చాలావాటిలో నల్లజాతి కుర్రాళ్ళను జట్టులోకే తీసుకునేవాళ్ళు కాదు. తీసుకున్న చోట కూడా ఐదుగురినీ ఒకేసారి దించేవాళ్ళు కాదు. ఎందుకంటే వాళ్ళ మీద ఒక మాట ఉండేది. నల్లవాళ్ళు బాగా ఎగురుతారు, పరుగెత్తుతారు, కానీ కష్టం వచ్చినప్పుడు బుర్ర పెట్టి ఆడలేరు, వాళ్ళను నడిపించడానికి పక్కన ఒక తెల్లవాడు ఉండాలి అని.

1966 మార్చి 19న మేరీలాండ్ రాష్ట్రంలో ఫైనల్ జరిగింది. ఎదుటి జట్టు కెంటకీ. అప్పటికే నాలుగు సార్లు ఛాంపియన్, ఆ ఏడాది నంబర్ వన్. అందులో అందరూ తెల్లవాళ్ళే. టెక్సాస్ వెస్ట్రన్ జట్టులో మొత్తం 12 మంది ఉన్నారు, వాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు. కానీ కోచ్ డాన్ హాస్కిన్స్ ఆ రోజు మొదట దించిన ఐదుగురూ నల్లజాతి వాళ్ళే. మ్యాచ్ మొత్తంలో ఆడిన ఏడుగురూ వాళ్ళే. 72-65తో గెలిచారు.

ఎలా గెలిచారో చూడండి. నా అభిప్రాయం మొత్తం ఇక్కడే ఉంది. అప్పట్లో మామూలు బుట్టకు రెండు పాయింట్లు, ఫౌల్ అయితే ఇచ్చే ఫ్రీ త్రోకి ఒక పాయింటు. కెంటకీ వాళ్ళు 27 బుట్టలు వేశారు. టెక్సాస్ వెస్ట్రన్ వేసింది 22 మాత్రమే. అంటే బుట్టల్లో కెంటకీదే పైచేయి! కానీ ఫ్రీ త్రోలు టెక్సాస్ వాళ్ళు 34లో 28 వేశారు, కెంటకీకి వచ్చింది 11. లెక్క వేసుకోండి, 44కు 28 కలిపితే 72. 54కు 11 కలిపితే 65.

ఫ్రీ త్రో అంటే ఎగరడం కాదు, పరుగు కాదు. గీత దగ్గర ఒక్కడివే నిలబడాలి. వేలమంది చూస్తుంటారు. చెయ్యి వణకకుండా వెయ్యాలి. అది రోజూ సాధన చేసినవాళ్ళకే వస్తుంది. బుర్ర లేదన్నవాళ్ళు అక్కడే గెలిచారు.

ఇంకోటి. కెంటకీ వాళ్ళు పొడవు తక్కువైనా చాలా చురుకు. అందుకని కోచ్ పొడుగు ఆటగాడిని పక్కనపెట్టి విల్లీ వోర్స్‌లీని మొదటినుంచే ఆడించాడు. అతని ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. బాబీ జో హిల్ అనే అతను ఎదుటివాళ్ళ చేతిలోంచి వెంటవెంటనే రెండుసార్లు బంతి లాక్కుని బుట్ట వేశాడు. అతనివే 20 పాయింట్లు. ఇదంతా కాలి బలమేనా?

ఈ సంగతి మీద 2006లో గ్లోరీ రోడ్ అని సినిమా తీశారు. అందులో కోచ్ వచ్చిన మొదటి ఏడాదే కప్పు కొట్టినట్టు ఉంది. నిజానికి ఆయన 1961లోనే వచ్చాడు. అంతకుముందు చిన్న ఊళ్ళ హైస్కూళ్ళలో ఆడపిల్లల జట్లకు కూడా ఆట నేర్పాడు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ వాళ్ళకు ఆయన అవకాశం ఇచ్చాడు అని మాత్రమే చెప్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గెలిచేవాళ్ళను ఆడించాడు, వాళ్ళు గెలిపించారు. అది దయ కాదు. 2007లో అమెరికా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జట్టు మొత్తాన్నీ చేర్చారు. అదీ న్యాయం.

ఇప్పుడు మన సంగతి. పోటీలకు వెళ్ళి మన అమ్మాయిలు ఖోఖో గెలిస్తే, కొండలెక్కే పిల్లలు కదా, కాళ్ళు గట్టివి అంటారు. ఓడిపోతే, అడవి పిల్లలకు రూల్స్ ఏం తెలుస్తాయి అంటారు. మొదటిది మెచ్చుకోలు, రెండోది తిట్టు అని మనం అనుకుంటాం. నాకైతే రెండూ ఒకటే మాటలాగా వినపడతాయి. రెండింట్లోనూ మనకు బుర్ర లేదనే ఉంది. ఎవరికి ఖో ఇస్తే రన్నర్ ఎటు తిరుగుద్దో కాళ్ళు చెప్తాయా? తెల్లారి అయిదింటికి లేచి ప్రాక్టీసు చేసింది కొండలా, మన అమ్మాయిలా?

కొందరు అంటారు, మెచ్చుకుంటే కూడా తప్పేనా, ఇంత పట్టింపు ఎందుకు అని. మెచ్చుకుంటే తప్పు కాదు. కానీ ఆ మాటతోనే, నువ్వు ఆటలకు పో, లెక్కలు నీకు రావులే అనేది కూడా మొదలవుద్ది. మనమే ఒకరినొకరం అట్లా అనుకుంటున్నాం. ఆటల పిల్లలు, చదువు పిల్లలు అని రెండు బెంచీలు చేసుకున్నాం. ఇది బయటివాళ్ళు చెయ్యలేదు.

అందుకని నేను అడిగేవి మూడు. ప్రేయర్‌లో గెలిచిన జట్టు పేరు చదివేటప్పుడు ఎన్ని రోజులు ప్రాక్టీసు చేశారో కూడా చదవండి. ఆటలకు వెళ్ళినవాళ్ళకు తప్పిపోయిన పాఠాలు రాత్రి స్టడీ అవర్‌లో చెప్పించండి. స్కోరు రాయడం, విజిల్ వెయ్యడం మన అమ్మాయిలకు కూడా నేర్పించండి. వీటికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

మీరు కాదంటే ఎందుకు కాదో రాయండి. కాగితం ఈ పక్కనే అతికించడానికి చోటు వదిలాను.

– 9వ తరగతి విద్యార్థిని