నిశ్శబ్దం మందు కాదు

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. చూడరానిదానిని చూడకుండా కన్ను మూసుకోవచ్చును గాని, వినలేనిదానిని వినకుండా ఉండడానికి రెండు చేతులూ కావలసివస్తాయి. తరగతిలో రెండు చేతులతో చెవులు మూసుకొని కూర్చున్న పిల్లవానిని చూచినప్పుడు ఉపాధ్యాయునికి సాధారణంగా తోచే భావాలు రెండు: వీడు పాఠం తప్పించుకొంటున్నాడు, లేదా తోటివారిని వెక్కిరిస్తున్నాడు. ఆ పిల్లవానికి నిజంగానే బాధ కలుగుతున్నదేమోనన్న మూడవ ఊహ కలగడం అరుదు. ఆ ఊహ కలగడం మీదనే ఒక్కొక్కప్పుడు ఆ పిల్లవాని చదువు ఆధారపడి ఉంటుంది.

ఈ బాధకు వైద్యశాస్త్రంలో హైపరాక్యూసిస్ అని పేరు. ఇతరులకు సామాన్యంగా తోచే చప్పుళ్లు, అనగా గిన్నెల మోత, బల్లను నేలమీద ఈడ్చిన రాపిడి, బడిగంట, వంటింటి కుక్కరు కూత వంటివి, ఈ బాధ గలవారికి భరింపరానంత పెద్దవిగా వినిపిస్తాయి. కొందరికి చెవిలో పోటు పుడుతుంది. చిత్రమేమంటే, వినికిడి పరీక్ష చేయిస్తే వీరిలో అనేకులకు లోపమేమీ కనబడదు. అందుచేత లోకం దానిని నాటకమనో, అతి సుకుమారమనో అంటుంది. దీనికి కారణాలు పలు విధాలు. పెద్ద మోతకు చెవి దెబ్బతిన్న తరువాత రావచ్చును. తలకు గాయమైన మీదట రావచ్చును. చెవిలో హోరు గలవారికి దానితోపాటు ఉండవచ్చును. ఆటిజం గల పిల్లలలో ఇది తరచుగా కనబడుతుంది. మధ్యచెవిలో స్టేపీడియస్ అనే అతి చిన్న కండరమొకటి ఉన్నది. పెద్ద చప్పుడు రాగానే అది బిగుసుకొని, లోపలికి పోయే శబ్దాన్ని కొంత అణచుతుంది. ముఖనరం దెబ్బతిని మూతి వంకరపోయినవారిలో ఈ కండరం కూడా పనిచేయక, ఆ వైపు చెవికి చప్పుళ్లు మరీ పెద్దవిగా వినబడడం వైద్యులు ఎరిగిన సంగతే. కావున శబ్దాన్ని భరించలేకపోవడం మనసు కల్పించిన మాయ అని కొట్టివేయడానికి వీలు లేదు.

దీనికి చుట్టమే అయినా, దీనికంటె వేరైన బాధ మరొకటి ఉన్నది. పక్కవాడు అన్నం నమిలే చప్పుడు, ముక్కు ఎగబీల్చడం, కలం మీటను మాటిమాటికి టిక్కుటిక్కుమనిపించడం వంటి చిన్న శబ్దాలు కొందరికి పట్టరాని కోపాన్నీ, ఏవగింపునూ కలిగిస్తాయి. ఇక్కడ శబ్దం ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. అది ఏ శబ్దమన్నదే ముఖ్యం. పావెల్ జాస్ట్రెబాఫ్, మార్గరెట్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞులు 2001లో దీనికి మిసోఫోనియా అని నామకరణం చేశారు. గ్రీకు మాటలనుబట్టి శబ్దద్వేషమని దాని అర్థం. 2017లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిశోధకులు ఇట్టివారి మెదడును పరీక్షించి, ఆ శబ్దాలు వినబడినప్పుడు భావోద్వేగాలతో సంబంధం గల ఇన్సులా అనే భాగం ఇతరులలోకంటె హెచ్చుగా స్పందిస్తున్నదని ప్రకటించారు. 2022లో నిపుణుల సంఘమొకటి దీనికి ఉమ్మడిగా ఒక నిర్వచనం ఏర్పరచింది. ఈ రెండు బాధలకూ ఒకే మందు చెప్పేవారిని నమ్మరాదు. చికిత్సను గురించిన విచారణ ఈ భేదంతోనే ప్రారంభం కావలెను.

శబ్దం చేత బాధపడేవానికి మొట్టమొదట తోచే ఉపాయం శబ్దానికి దూరంగా పారిపోవడం. ఆంగ్లసాహిత్యం చదివినవారికి థామస్ కార్లైల్ పేరు పరిచితమే. లండనులోని చెల్సీలో ఆయన ఇంటి చుట్టూ కోడిపుంజుల కూతలు, పొరుగింటి పియానో, వీధి వాద్యగాండ్రు. రచన సాగక విసిగిపోయి, 1853లో ఆయన ఇంటిపైన జంట గోడలతో, వెలుతురుకు పైకప్పు అద్దంతో, శబ్దం చొరని గదిని కట్టించ మొదలుపెట్టాడు. ధనం వ్యయమైనది గాని, కోరిన నిశ్శబ్దం చిక్కలేదు. దూరపు చప్పుళ్లు ఆ గదిలోకీ వచ్చాయి. కార్లైల్‌ది ఏ రోగమో ఈనాడు నిర్ణయించబూనడం సాహసం. కాని శబ్దంతో వేగలేనివారందరూ ఏదో ఒక రూపంలో ఇట్టి గది కట్టుకోజూస్తారు. ఒకరు పెండ్లిళ్లకు పోవడం మానుతారు. ఒకరు ఇంటివారితో కలిసి భోజనం చేయడం మానుతారు. పిల్లవాడైతే బడి మానుతాడు.

పోనీ, నిశ్శబ్దం నిజంగా దొరికితే మేలు జరుగుతుందా? 2003లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్రెయిగ్ ఫార్మ్‌బీ, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు చెపుతున్నది. వినికిడి సరిగా ఉన్న కొందరు దానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారిలో కొందరు రెండు వారాలపాటు చెవులలో బిరడాలు పెట్టుకొన్నారు. మరికొందరు అంతకాలమూ సన్నని హోరు వినిపించే చిన్న యంత్రాలను చెవులకు తగిలించుకొన్నారు. గడువు ముగిసిన తరువాత పరీక్షిస్తే, బిరడాలు పెట్టుకొన్నవారికి అవే శబ్దాలు మునుపటికంటె పెద్దవిగా తోచాయి. హోరు విన్నవారికి మునుపటికంటె చిన్నవిగా తోచాయి. చీకటిగదిలో చాలాసేపు కూర్చున్నవాడు బయటికి రాగానే చిన్న దీపం కూడా కళ్లు జిగేలుమనిపించినట్లే ఇదీను. శబ్దం తక్కువైనప్పుడు మెదడు దానికోసం మరింతగా చెవి ఒగ్గుతుంది. కొంతకాలానికి ఆ ఒగ్గడమే బాధ అవుతుంది. భయపడి ఎల్లవేళలా బిరడాలు పెట్టుకొనేవారు తమకు తెలియకుండానే తమ రోగాన్ని పెంచుకొంటున్నారన్న మాట.

ధ్వనిచికిత్స ఈ తర్కాన్ని ఆశ్రయించి నిలిచినదే. జాస్ట్రెబాఫ్ 1990లో చెవిలో హోరును గురించి ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ముఖ్యమైన మూలం. వినికిడి నిపుణుడు మొదట రోగిని పరీక్షించి, అతని చెవిలోనూ మెదడులోనూ ఏమి జరుగుతున్నదో ఓపికగా బోధిస్తాడు. తరువాత చెవికి తగిలించుకొనే చిన్న యంత్రం నుండి వానజల్లు వంటి సమమైన, సన్నని ధ్వనిని వినిపిస్తారు. అది బాధ కలిగించనంత తక్కువ స్థాయిలో మొదలవుతుంది; రోజూ కొన్ని గంటల చొప్పున, నెలల తరబడి సాగుతుంది; రోగి ఓర్చుకొన్న కొద్దీ పెరుగుతుంది. నడక మరచిన కాలికి కర్ర ఇచ్చి నాలుగడుగులు వేయించడం వంటిది ఈ పద్ధతి.

అయితే తక్కెడలో రెండవ తట్టను కూడా చూడవలెను. ఈ చికిత్సను గురించిన పరిశోధనలలో అనేకం కొద్దిమంది రోగులతో జరిగినవి. పైగా బోధ, యంత్రం కలిసి ఉండడం చేత ఏది ఎంత మేలు చేసినదో విడదీయడం కష్టం. వినికిడి తగ్గి, దానితోపాటు శబ్దాలను ఓర్వలేనివారిపై ఫార్మ్‌బీ బృందమే 2015లో ఒక పరిశీలన ప్రకటించింది. బోధ, ధ్వని రెండూ కలిసినప్పుడు కలిగిన మేలు విడివిడిగా కలుగలేదని అందులో తేలింది. స్వీడనులో 2014లో ప్రకటితమైన మరొక పరిశీలనలో, భయాన్నీ తప్పుకొనే అలవాటునూ క్రమంగా సడలించే మానసిక చికిత్స హైపరాక్యూసిస్ రోగులకు ఉపకరించింది. కాబట్టి యంత్రం ఒక్కటే రోగం కుదురుస్తుందనడం అతిశయోక్తి. మిసోఫోనియా విషయంలో ధ్వనియంత్రాన్ని ఇంకా తక్కువగా నమ్మవలెను. వెనుక సన్నని హోరు ఉంటే నమిలే చప్పుడు కొంత మరుగుపడవచ్చును. అది ఉపశమనమే గాని చికిత్స కాదు.

బిడ్డ బాధ చూడలేని తలిదండ్రులు ఆశను కొనుక్కోవడానికి సిద్ధంగా ఉంటారు. అందుచేత మరొక హెచ్చరిక అవసరం. ఫ్రెంచి వైద్యుడు గీ బెరార్ ప్రచారంలోకి తెచ్చిన శ్రవణశిక్షణ పద్ధతిలో, మార్పు చేసిన సంగీతాన్ని రోజుకు రెండు పర్యాయాలు, అరగంట చొప్పున, పది రోజులు వినిపిస్తారు. ఆటిజం గల పిల్లలకు అది గొప్ప మేలు చేస్తుందని ఒకప్పుడు మారుమోగింది. చికిత్సల ఆధారాలను తూచే కాక్రేన్ సంస్థ 2011లో ఆ విషయమై జరిగిన పరిశీలనలన్నింటినీ కూడదీసి చూచి, ఆ పద్ధతిని సమర్థించేందుకు తగినంత ఆధారం లేదని తేల్చింది. ధ్వనిచికిత్స అన్న పేరు పెట్టుకొన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఇన్ని రోజులలో నయం చేస్తామని గడువు చెప్పే దుకాణం కంటె, నెలలు పట్టవచ్చునని చెప్పే నిపుణుడు నమ్మదగినవాడు. 1965లో స్థాపితమైన మైసూరులోని అఖిలభారత వాక్‌శ్రవణ సంస్థ, సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం గల అలీ యావర్ జంగ్ సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలు ఉండగా, ప్రకటన చూచి పరుగెత్తనక్కరలేదు. హఠాత్తుగా వినికిడి తగ్గినా, మూతి వంకరపోయినా యంత్రాల సంగతి పక్కనబెట్టి వెంటనే వైద్యుని వద్దకు పోవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. శబ్దం వినడమే మందైతే, పిల్లవానిని మోతలో కూర్చోబెడితే సరిపోదా? అలవాటు పడితే అదే పోతుంది గదా! మన ఇండ్లలోనూ, బడులలోనూ ఈ మాట తరచుగా వినబడుతుంది. ఇది సగం నిజం గనుకనే ప్రమాదకరమైనది. ధ్వనిచికిత్సలో శబ్దం చిన్నది, సమమైనది, ముందుగా తెలిసినది. దానిని తగ్గించే మీట రోగి చేతిలో ఉంటుంది. ధ్వనివర్ధకం ముందు బలవంతంగా నిలబెట్టినప్పుడు గాని, చెవి పక్కన టపాకాయ పేల్చి నవ్వినప్పుడు గాని ఇందులో ఏదీ ఉండదు. అట్టి అనుభవం వల్ల పిల్లవాడు నేర్చుకొనేది భయం ఒక్కటే. ఈత నేర్పేవాడు పిల్లవానిని లోతులోకి తోసి గట్టుమీద కూర్చోడు. నడుమంటి నీటిలో తానూ దిగి నిలబడతాడు.

నిజానికి మంచి తరగతిగది ఏ యంత్రానికీ తీసిపోని చికిత్సాలయం. పాఠం జరిగేటప్పుడు గదిలోని నేపథ్యశబ్దం 35 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లోనే సూచించింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు విద్యాలయాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్దమండలం ఏర్పరచి, పగటివేళ 50 డెసిబెల్‌ల హద్దు విధించాయి. వీధిలోని మైకు ఆ హద్దును ఎంతగా మన్నిస్తున్నదో అందరికీ తెలుసు. కాని గోడల లోపల జరగవలసినదానికి ఏ అధికారి అనుమతీ అక్కరలేదు. బల్లల కాళ్లకు రబ్బరు ముక్కలు తొడిగితే సగం రాపిడి పోతుంది. గంట మ్రోగబోతున్నదని ఒక క్షణం ముందు చెపితే దాని పోటు తగ్గుతుంది. అట్టి పిల్లవానిని గంటకూ, ద్వారానికీ దూరంగా కూర్చోబెట్టవచ్చును. వార్షికోత్సవంలో డప్పులు మ్రోగేవేళ చెవికి మూత పెట్టుకోనిచ్చి, మోత ఆగగానే తీయించవచ్చును. అతడు లేచి వెళ్లదలచితే వెళ్లనిచ్చి, తిరిగి వచ్చినప్పుడు ఏమీ అనకుండా చోటివ్వవచ్చును. తిరిగి రావడమే ముఖ్యం. ఎన్నటికీ బయటనే ఉండమనడం దయ కాదు. అది కార్లైల్ గదిని మరొకసారి కట్టడమే.

తోటి విద్యార్థుల పాత్ర కూడా చిన్నది కాదు. ఒకని బలహీనత తెలిసిన మరుక్షణం దానితో ఆడుకోవడం పిల్లల స్వభావం. నమిలే చప్పుడుకు ఉలికిపడేవాని ఎదుట మరింత చప్పుడు చేసి నమలడం వినోదమనిపించవచ్చును. కాని ఏ శబ్దం ఎప్పుడు వస్తుందో తెలియని చోట ఏ చికిత్సా పనిచేయదు. తరగతి ఈ సంగతి గ్రహిస్తే, నిపుణుడు ఆరు నెలలలో సాధించదలచిన పనిలో కొంత భాగం బడిలోనే జరిగిపోతుంది.

ధ్వనిచికిత్స ప్రయత్నింపదగినదే. హైపరాక్యూసిస్ గలవారికి, అర్హుడైన నిపుణుని పర్యవేక్షణలో, బోధతోపాటు, తగినంత కాలం ఇచ్చి ప్రయత్నించవలెను. ఫలితం అందరికీ ఒకే తీరుగా ఉండదని ముందే తెలుసుకోవలెను. యంత్రం కొనగల స్తోమత అందరికీ ఉండదు. కాని చెవులు మూసుకొన్న పిల్లవాని వద్దకు పోయి, మెల్లని గొంతుతో, "నాయనా, ఏ చప్పుడు నీకు బాధగా ఉన్నది?" అని అడగడానికి ఏ స్తోమతా అక్కరలేదు. ఆ ప్రశ్న అడిగి, చెప్పిన జవాబును నమ్మే ఉపాధ్యాయుడు ప్రతి బడిలోనూ ఒక్కడైనా ఉండవలెను.