మెదక్ యాత్రకు బస్సెక్కుదాం



క్రిస్మస్ దగ్గర పడుతోంది. మెదక్ చర్చికి వెళ్లొద్దామనే మాట మన ఇళ్లలో మొదలైంది. తప్పక వెళ్దాం. కానీ ఎలా వెళ్తామన్నది కూడా భక్తికి సంబంధించిన సంగతే. ఎవరి కారు వాళ్లు మాట్లాడుకోవడం కంటే అందరం ఒకే బస్సులో వెళ్లడం మేలని మేము అనుకుంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. మోత్కూర్ నుంచి మెదక్‌కు రానుపోను 300 కిలోమీటర్లకు పైనే. యాభై మందికి, కారుకు ఐదుగురు చొప్పున, పది కార్లు కావాలి. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చినా 200 లీటర్ల డీజిల్ కాలుతుంది. బస్సుకు లీటరుకు ఐదు కిలోమీటర్లే వస్తుందనుకున్నా 60 లీటర్లు సరిపోతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే కార్లతో 540 కిలోలు, బస్సుతో 160 కిలోలు.

ఆ వాయువు వల్లే భూమి వేడెక్కుతోంది, వానలు అదను తప్పుతున్నాయి. పత్తి గింజలు పెట్టి ఆకాశం వైపు చూసే రైతులున్న ఊరు మనది. ఏదెను తోటలో ఆదాముకు దేవుడిచ్చిన పని సాగుచేయడం ఒక్కటే కాదు, కాపాడడం కూడా. ఆ పని మనకూ ఉంది.

ఆ మందిరం చరిత్ర కూడా తలుచుకుందాం. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని కల్పిస్తూ దాన్ని కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పేదల చెమటతో లేచిన మందిరానికి వెళ్తూ, కారు అద్దెలో వాటా ఇచ్చుకోలేని వృద్ధురాలిని ఊళ్లోనే వదిలి వెళ్లడం మనకు తగునా?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడు గాజా మార్గంలో రథంలో చదువుకుంటున్నాడు. ఫిలిప్పును ఎక్కి పక్కన కూర్చోమన్నాడు. అలా పక్కన చోటు ఇచ్చినందుకే అతనికి సువార్త అందింది. బస్సులో మన పక్కన ఎవరు కూర్చుంటారో మనం ఎంచుకోం. సంఘంలో ఏడాదంతా పలకరించుకోనివాళ్లు కూడా ఆ కొన్ని గంటల్లో ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటారు. కార్లలో ఎవరి వాళ్లు వాళ్లతోనే ఉండిపోతారు.

"అయ్యగారూ, చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉన్నారు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. నడవలేనివారికి, గర్భిణులకు కారు పెట్టడం తప్పు కాదు. అది వారికే ఉండాలి, ఖాళీ సీటు లేకుండా బయలుదేరాలి.

బస్సు నిండేంత మంది ఉంటే ఆర్టీసీ బస్సే అద్దెకు మాట్లాడుకుందాం. ఇవ్వలేనివారి వాటా సంఘమే భరించాలి. తక్కువ మందిమైతే హైదరాబాద్ వరకు మామూలు బస్సులో పోయి, జేబీఎస్‌లో మెదక్ బస్సెక్కుదాం. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అక్కలు, అమ్మలు ఆధార్ కార్డు మరచిపోకండి. రెండు బస్సులు మారడం కొంచెం శ్రమే. అయినా యాత్రలో అంతమాత్రం శ్రమ ఓర్చుకోలేమా?

ఇది మెదక్‌తో ఆగకూడదు. ఆదివారం ఆరాధనకు పక్క వీధి నుంచి బండి తీయకుండా నడిచి రండి. దూరపు పల్లెల నుంచి వచ్చేవారు ఒంటరిగా బండి మీద రాకుండా, వెనుక సీటులో మరొకరిని ఎక్కించుకోండి. ఎమ్మాయు మార్గంలో ఆమడ దూరం నడుస్తున్న ఇద్దరు శిష్యులతో ప్రభువు కలిసి నడిచాడు కదా.

మన ప్రయాణం పొరుగువారికి భారం కాకుండా, దేవుని సృష్టికి మేలుగా ఉండునట్లు ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.