నాన్నగారి లెక్క పిల్లికి పనికిరాదు

పిల్లికి షుగర్ వచ్చిందంటే మన ఇళ్లలో ముందు నవ్వుతారు. తర్వాత ఫ్రిజ్ తలుపు తీస్తారు. అక్కడ నాన్నగారి ఇన్సులిన్ సీసా ఉంటుంది. టీవీ పక్కన గ్లూకోమీటర్ ఉంటుంది. సూది వేయడం ఇంట్లో ఒకరికైనా చేతనవుతుంది. పరగడుపున ఎంతుండాలో, తిన్నాక ఎంతుండాలో బడికెళ్లే పిల్లలు కూడా చెప్పగల ఇళ్లు మనవి. సూది అంటే బెదురు లేదు, మందు అంటే కొత్త లేదు. నన్ను భయపెట్టేది సరిగ్గా ఆ ధీమాయే.

పైకి చూస్తే పిల్లి షుగరూ మన టైపు 2 లాంటిదే. ఒళ్లు చేసి, వయసు మళ్లి, గడప దాటని పిల్లులకు, అందులోనూ ఆపరేషన్ చేయించిన మగపిల్లులకు ఎక్కువగా వస్తుంది. దురదలకని పదేపదే స్టెరాయిడ్ సూదులు పడ్డవాటికీ రావచ్చు. తెగ నీళ్లు తాగడం, విసర్జన ట్రే ఊరికే తడిసిపోవడం, బాగా తింటూనే చిక్కిపోవడం దాని గుర్తులు. కొన్నయితే వెనక మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. అంటే నరాలు దెబ్బతిన్నాయన్నమాట. పోలిక అక్కడితో సరి. నాన్నగారికి మాత్రలతో మొదలై ఎన్నో ఏళ్లకు గానీ సూది దాకా రాదు. పిల్లికి చాలావరకు మొదటే ఇన్సులిన్. అమెరికాలో 2022 చివర్లో పిల్లుల షుగర్‌కు ఒక మాత్రను అనుమతించారు గానీ, అది అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకు కాదు. మెంతులు నానబెట్టిన నీళ్లు పట్టించమనే పక్కింటివాళ్లు ఎలాగూ ఉంటారు. ముందు వాళ్లను ఆ పిల్లిని పట్టుకోమనండి.

మోతాదు సంగతికొద్దాం. ఇరవై యూనిట్లు వేసుకునే నాన్నగారికి మరో యూనిట్ పెంచితే పెరిగింది ఇరవయ్యో వంతు. నాలుగు కిలోల పిల్లికి సాధారణంగా పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెడతారు. దానికీ అదే చేత్తో ఒకటి పెంచితే మందు రెట్టింపయింది! అందుకే పిల్లి డాక్టర్లు పావు యూనిట్, అర యూనిట్ అని మాట్లాడతారు. మిల్లీలీటరుకు వంద యూనిట్లుండే ఇన్సులిన్‌లో అర యూనిట్ అంటే మిల్లీలీటరులో రెండువందలో వంతు. మామూలు సిరంజి మీద దానికి గీతే ఉండదు. కంటి అంచనాతో లాగితే పొద్దుటి అర, సాయంత్రం అర ఒకటి కావు. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజిలు, చిన్నపిల్లల కోసం చేసిన అర యూనిట్ పెన్నులు ఉన్నాయి. దుకాణంలో లేకపోతే చెప్పి తెప్పించుకోవాలి.

సిరంజి దగ్గరే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. మన మందుల షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్‌కు, నారింజ మూతది 100 యూనిట్లదానికి. మనుషులు వాడే ఇన్సులిన్లలో చాలా సీసాలు 40వి. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ 100ది. ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో గ్లార్జిన్‌ను ఒక్క యూనిట్ గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. మనిషికే అది చిన్న తప్పు కాదు, పిల్లికి ప్రాణం మీదికొస్తుంది. నాన్నగారి సీసాలోంచే కాస్త వేద్దామన్న ఆలోచన అసలే వద్దు. రెండు రకాల ఇన్సులిన్ కలిపిన ఆయన మందు పనిచేసే వేగం వేరు, పిల్లికి కావలసిన వేగం వేరు.

ఇక అంకెలు. ఆసుపత్రిలో బుట్టలోంచి తీసి బల్ల మీద పెట్టగానే పిల్లి షుగర్ ఆ బెదురుకే ఎగబాకుతుంది. జబ్బు లేని పిల్లికి కూడా మూడువందలు చూపించవచ్చు. ఆ ఒక్క అంకె చూసి మోతాదు పెంచడం గాలిలో రాయి విసరడమే. మూత్రం స్ట్రిప్పూ చాలదు. పిల్లి రక్తంలో షుగర్ దాదాపు 250 దాటితే గానీ మూత్రంలోకి దిగదు. స్ట్రిప్ రంగు మారలేదంటే రక్తంలో 200 ఉండవచ్చు, 40 కూడా ఉండవచ్చు. పరీక్ష ఇంట్లో, దాని చోటున, చెవి అంచు నుంచి చుక్క తీసి చేయాల్సిందే. నాలుగు రోజులు విదిలిస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది. చెవి కాస్త వెచ్చబెడితే చుక్క సులువుగా వస్తుంది. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఏ మీటర్‌తో చూశారో డాక్టర్‌కు చెప్పాలి. మధ్యలో మీటర్ మార్చకూడదు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఏ అంకెను చూడాలన్న దగ్గరే. పరగడుపు అంకె మనకు వేదం. పిల్లి విషయంలో సూదికి ముందు చూసే అంకె ముఖ్యంగా ఈ పూట సూది వేయొచ్చా వద్దా అన్నది చెబుతుంది. మోతాదు సరిపోయిందా అన్నది చెప్పేది రెండు సూదుల మధ్య షుగర్ ఎంత కిందికి దిగిందన్న అంకె. అది 80కి, 150కి మధ్య ఉంటే మంచిది. తెలుసుకోవాలంటే ఒక ఆదివారం పొద్దుటి సూది నుంచి సాయంత్రం సూది దాకా రెండు గంటలకోసారి చూసి కాగితం మీద రాయాలి. పొద్దున 350 ఉందని యూనిట్ పెంచితే, మధ్యాహ్నం అందరూ ఆఫీసుల్లో ఉన్న వేళ అది 50కి దిగడం ఎవరు చూస్తారు? పైగా గ్లార్జిన్ లాంటివి కుదురుకోవడానికి రోజులు పడుతుంది. మోతాదు మార్చాక వారం దాకా ఆగి, మళ్లీ చూసి, అప్పుడు మాట్లాడాలి. ఈ ఆగడమే మన ఇళ్లలో ఎవరికీ చేతకాదు.

షుగర్ ఒకసారి వస్తే పోదని మన నమ్మకం. పిల్లిలో పోవచ్చు. ఇంటి దగ్గరే పరీక్షలు చేసుకుంటూ గ్లార్జిన్ వేసిన 55 పిల్లుల మీద కిర్‌స్టెన్ రూంప్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ రాండ్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 64 శాతానికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. జబ్బు బయటపడ్డ ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం, ఆలస్యమైనవాటిలో 35. అవి రోజుకు చాలాసార్లు పరీక్ష చేసే ఓపికగల యజమానుల పిల్లులు, పిండిపదార్థం తక్కువున్న తిండి తిన్నవి. అందరికీ అదే ఫలితం వస్తుందని చెప్పను. కానీ వాళ్ల పద్ధతిలో ఎప్పుడు పెంచాలన్నదే కాదు, ఎప్పుడు తగ్గించాలన్నదీ రాసి ఉంది. కోలుకుంటున్న పిల్లికి నిన్నటి మోతాదే ఇవాళ విషమవుతుంది. పెరుగన్నమో పొడి గింజలో మాన్పించి మాంసం తిండికి మార్చినా ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. డాక్టర్‌కు చెప్పకుండా తిండి మార్చడమంటే, చెప్పకుండా మోతాదు మార్చినట్టే.

షుగర్ 60 కంటే దిగినా, పిల్లి తూలినా, వణికినా, ఫిట్స్ వచ్చినా చిగుళ్లకు తేనెగానీ గ్లూకోజ్ నీళ్లుగానీ రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. స్పృహ లేనిదాని నోట్లో పోయకండి. తినని పూట డాక్టర్‌ను అడగకుండా మామూలు మోతాదు వేయకండి. సూది బొచ్చులోకి పోయిందో ఒంట్లోకి పోయిందో అనుమానమొస్తే రెండోది వేయకండి. ఒక పూట షుగర్ ఎక్కువైతే దిద్దుకోవచ్చు, తక్కువైతే సాయంత్రం దాకా కూడా ఆగదు.

ఇంట్లో పరీక్షలే వద్దు, నెలకోసారి తీసుకురండి చాలు అనే డాక్టర్లున్నారు. డాక్టరెందుకు, మేమే చూసుకుంటాం అనే యజమానులున్నారు. నేను ఇద్దరితోనూ ఏకీభవించను. అంకెలు ఇంట్లోనే పుట్టాలి, మోతాదు మార్పు వాటిని చూసిన డాక్టర్ నోట రావాలి. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్లు చార్టును వాట్సాప్‌లో పంపితే సరిపోయే పని ఇది. కాకపోతే పశువైద్యులకు ఒక విన్నపం. "ఒక యూనిట్ వేయండి" అని నోటిమాటతో పంపేయకండి. ఏ ఇన్సులిన్, ఏ రంగు మూత సిరంజి, పూటకెంత, ఏ అంకెకు దిగితే సూది మానాలి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఈ ఐదూ తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వండి.