ఇల్లు కొలువు సారూ, ఇంట్లోవాళ్ళను కాదు

మన తొండూరు పక్క మాలపల్లెలోకి, మాదిగపల్లెలోకి ఆఫీసరు రావడమే తక్కువ. వచ్చినాడంటే చేతిలో టేపో, ట్యాబో ఉంటాది. ఇల్లు మంజూరుకని ఒకరు, రిజర్వాయరు కింద మునిగే ఇంటికి విలువ కట్టడానికని ఒకరు, అప్పు ఇచ్చేముందు చూసి రమ్మని బ్యాంకు పంపితే ఒకరు. వాళ్ళు లోపలికి రావాల్సిందే. గోడ రాతిదా మట్టిదా, పైన బండల మిద్దెనా రేకులా, పొడుగెంత, వెడల్పెంత, కట్టి ఎన్నేండ్లయింది అనేవి వీధిలో నిలబడి రాసే సంగతులు కావు. రావద్దని మనం అనడం లేదు.

అయితే టేపు పట్టుకొని లోపలికొచ్చిన మనిషికి గోడ ఒక్కటే అగుపడదు. గోడకు తగిలించిన యేసు పటం అగుపడ్తాది. పొయ్యి మీద ఏం కూర ఉడుకుతా ఉందో వాసన తగుల్తాది. దండెం మీద మగోని చొక్కా ఉందా లేదా అనేది కూడా కంట్లో పడ్తాది. మరి ఇదంతా ఆయన ఏం చేసుకోవాల? రిపోర్టులో రాయాల్నా? పోతా పోతా ఊరి పెద్దాయన అరుగు మీద కూచొని చెప్పాల్నా? రెండూ చేయకూడదంటాం. ఇంటి విలువ కట్టమని పంపితే ఇంటి విలువే కట్టాల.

"చూసిందే కదా రాసినాడు, అందులో తప్పేముంది" అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. చూసింది రాస్తే ఏమైందో వినండి. మహారాష్ట్రలో 17 ఏండ్ల మహర్ పిల్ల కుల ధృవీకరణకు పెట్టుకుంది. విచారణకు వచ్చిన అధికారి ఇంట్లో యేసు పటం చూసి అదే రాసుకొని పోయినాడు. ఇంకేముంది, వీళ్ళు కిరస్తానీలని అమరావతి కుల పరిశీలన కమిటీ ఆ పిల్ల కులాన్ని కొట్టేసింది. ఆ ఇంటోళ్ళు బౌద్ధులు. పటం ఎవరో ఇస్తే గోడకు పెట్టుకున్నారు. 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, గోడ మీద పటముంటే మతం మారినట్టు కాదని చెప్పి కమిటీ ఉత్తర్వును రద్దు చేసింది. తమిళనాడులో రామనాథపురం జిల్లా దళిత డాక్టరమ్మది ఇట్లాంటి కథే. ఆమె ఆసుపత్రి గోడకు శిలువ ఉందని అధికారులు చూసి వచ్చినారు, భర్త క్రైస్తవుడన్నారు, కుల పత్రం రద్దు చేసినారు. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని తప్పుబట్టేదాకా ఆమె కులం లేనిదయ్యింది. హైకోర్టుదాకా పోగలిగినారు కాబట్టి వీళ్ళిద్దరి సంగతి మనకు తెలిసింది. పోలేనోళ్ళు ఎందరో!

ఇది మనకు దూరపు కథ కాదు. లండన్ మిషన్ దొరలు ఈ జిల్లాకొచ్చి నూరేండ్లు దాటింది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వాళ్ళు కట్టిందే. గుళ్ళోకి రానీయని కాలాన చర్చీలోకి రమ్మన్నోళ్ళు వాళ్ళు. అందుకే మన పల్లెల్లో ఒకే గోడ మీద అంబేద్కర్ పటమూ, ఏసయ్య క్యాలెండరూ, పక్కన పెద్దమ్మ తల్లికి పెట్టిన పసుపు బొట్టూ ఉంటాయి. ఆ గోడ మనది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఇంకా ఉంది. హిందువులను, 1956 నుంచి సిక్కులను, 1990 నుంచి బౌద్ధులను తప్ప వేరే మతం పాటించేవాళ్ళను ఎస్సీగా లెక్కగట్టదు. దళిత క్రైస్తవులను కూడా ఎస్సీలో చేర్చమని 2023 మార్చిలో మన రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసింది, తీర్మానంతో పేరా పోదు కదా! 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి పోయినాయనకు అట్రాసిటీ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంటే గోడ మీద పటం గురించి ఒక వాక్యం రాస్తే చదువు, ఉద్యోగం, కొట్టినోని మీద పెట్టే కేసు, అన్నీ పోతాయి. ఇల్లు కొలవడానికొచ్చిన మనిషికి ఇంత బలం ఎవరిచ్చినారు?

దొంగ కుల పత్రాలు పట్టుకోవద్దా అంటే, పట్టుకోండి. దానికి 1993లో మన రాష్ట్రంలో 16వ నంబరు చట్టం చేసినారు, 1997లో నిబంధనలు పెట్టినారు. నోటీసివ్వాల, మన మాట వినాల, అప్పుడే తేల్చాల. టేపుతో వచ్చి తలతిప్పి చూసి పోయేది విచారణ కాదు.

ఇంకొక మాట. ఆసాముల ఇండ్లకు పోతే ఇదే ఉద్యోగి వసారాలో కుర్చీ మీద కూచుంటాడు. ఆయన చెప్పిన కొలతే రాసుకొని కాఫీ తాగి వస్తాడు. మన ఇంట్లో మంచం కింద కూడా తొంగి చూస్తాడు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భర్త చనిపోయినామె, విడాకులైనామె, ఇంటోళ్ళు వదిలేసినామె ప్రత్యేక కుటుంబం. పునరావాసం లెక్కలో ఆమెకు వేరే వాటా ఉంది. అది మంచి చట్టమే. గండికోట నీళ్ళు 2020లో తాళ్ళప్రొద్దుటూరును ఖాళీ చేయించినాయి, లెక్కలో పేరుండడం ఎంత ముఖ్యమో ఈ పక్క మనుషులకు ఎవరూ చెప్పనక్కర లేదు. కాబట్టి అడగాల్సిందే. ఎట్లా అడుగుతారనేదే మన పేచీ. "ఏమ్మా, మీ ఆయన ఎన్ని దినాలకొకసారి వస్తాడు? రాత్రిపూట ఎవరన్నా వస్తారా?" అని పదిమంది ముందర అడిగితే ఆమె ఏం చెప్తాది? చెప్పకుంటే వాటా పాయె. చెప్తే మర్యాద పాయె. పైగా ఆ చట్టంలోనే పునరావాస ముసాయిదాను ఊర్లో అందరికీ తెలియజేయాల, గ్రామసభలో చర్చించాల అని ఉంది. అది ఉండాల్సిందే, లేకపోతే దొంగ పేర్లు దూర్తాయి. అయితే పంచాయతీ గోడకు అంటించే జాబితాలో "ప్రత్యేక కుటుంబం" అని ఉంటే చాలు. మొగుడు వదిలేసినాడని, ఎవరితో ఉంటోందని ఎందుకు? కారణం ఫైలులో ఉండాల. అది కూడా ఆమె నోటితో చెప్పిందే ఉండాల, పక్కింటోళ్ళు చెప్పింది కాదు.

కూర సంగతి ఒక్క మాట చెప్తాం. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లో దాద్రి దగ్గర బిసాడా ఊర్లో, ఇంట్లో ఆవు మాంసముందన్న పుకారు లేపి ఒక ముస్లింను ఇంట్లోంచి లాగి కొట్టి చంపినారు. పొయ్యి మీది కుండ గురించి ఊర్లో మాట్లాడే ఉద్యోగి ఆ పుకారుకు మొదటి నోరవుతాడు.

ఫారంలో అడిగితే రాయక తప్పదంటారు సార్లు. ఫారం దేవుడు రాసిందేం కాదు. కేంద్రం ఇచ్చే గ్రామీణ ఇండ్లకు ఫ్రిజ్జు, మోటారు సైకిలు ఉన్నోళ్ళు అనర్హులనే నిబంధన ఎన్నో ఏండ్లు నడిచింది. 2024లో తీసేసినారు. అడిగితే మారుతాది. జనాభా లెక్కలవాళ్ళు ఇంతకన్నా లోపలి సంగతులు అడుగుతారు. కానీ 1948 చట్టం వాళ్ళ నోరు కట్టేసింది. రాసుకున్నది బయటపెడితే శిక్ష ఉంది, ఆ కాగితాన్ని కోర్టులో మన మీద సాక్ష్యంగా వాడరాదు. ఆచారం అడ్డొస్తే ఆడమనిషి భర్త పేరు చెప్పకపోయినా బలవంతం చేయకూడదని కూడా అందులో రాసినారు. తల లెక్కపెట్టేవాళ్ళకు ఉన్న కట్టుబాటు గోడ లెక్కపెట్టేవాళ్ళకు ఎందుకు ఉండకూడదు? ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా చెప్పినారు. ఆ తీర్పు మల్లేల, ఇనగలూరు పల్లెలకు కూడా వర్తిస్తాది.

మన కార్యకర్తలు చేయాల్సింది ఉంది. సర్వేకు మనిషి వస్తున్నాడని తెలిస్తే ముందే ఫారం అడిగి తెచ్చి పల్లెలో చదివి వినిపించండి. ఇల్లు చూసేటప్పుడు సంఘం మనిషి ఒకరు, ఆడవాళ్ళలో ఒకరు పక్కన ఉండండి. రాసింది చదివి వినిపించకుండా వేలిముద్ర వేయొద్దు, ట్యాబులో అయినా సరే. ఫారంలో లేని ప్రశ్న అడిగితే ఏ ఉత్తర్వు కింద అడుగుతున్నారో చెప్పమనండి. ప్రభుత్వం చేసిన సర్వే అయితే మన ఇంటి రిపోర్టు నకలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్ళకు ఫీజు కట్టే పని లేదు. అందులో గోడ, కప్పు, కొలత, విలువ కాక వేరే మాట ఒక్కటున్నా, దాన్ని కొట్టేయమని తహసీల్దారుకు అర్జీ పెట్టి, రసీదు తీసుకొని దాచిపెట్టండి.